రే, రెండు చుక్కలు



మా మేనమామ రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాల మీద పెద్దగా రిటైరయ్యాడు. ఉండేది రాజమండ్రిలో. ఆయనకు ఈమెయిల్ నేర్పింది నేనే. నేర్పిన మూడో రోజున ఫోన్ చేశాడు. గొంతులో వేడి.

"ఏమే, నీ చిన్నప్పుడు నేను నేర్పిన మర్యాద ఇదేనా? పెద్దవాణ్ణి పట్టుకుని రే అంటావా?"

నాకేమీ పాలుపోలేదు. తీరా ఆరా తీస్తే జరిగింది ఇదీ. ఆయన "పెన్షన్ కాగితాలు" అని విషయం పెట్టి నాకు మెయిల్ రాశాడు. నేను జవాబిచ్చాను. ఆ జవాబు ఆయన దగ్గర ఆర్, ఈ, రెండు చుక్కలు, ఆ పక్కన పెన్షన్ కాగితాలు అని దిగింది. మామయ్య కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుని, "రే, పెన్షన్ కాగితాలు!" అని చదువుకున్నాడు. రిటైరైన మనిషిని మేనకోడలు అలా పిలిస్తే ఎవరికైనా మండుతుంది కదా.

"అది రే కాదు మామయ్యా, రీ. రిప్లైకి పొట్టి రూపం" అని నేను ధీమాగా చెప్పేశాను. అప్పటికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మొదలుపెట్టి నాలుగేళ్లు. రోజుకు వంద మెయిళ్లు చూసేదాన్ని. ఆ ధీమా దానిదే. ఆ ధీమా తప్పని తర్వాత తెలిసింది.

ఆర్ఈ అన్నది రిప్లైలో మొదటి రెండక్షరాలు కాదు. అసలది పొట్టి రూపమే కాదు, నిండు మాట. లాటిన్ మాట. ఆ భాషలో 'రేస్' అంటే విషయం, వ్యవహారం, వస్తువు. దానికి విభక్తి చేరితే 'రే' అవుతుంది. 'ఇన్ రే' అంటే ఫలానా విషయంలో అని. మన సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్నిటి పేరు మొదట్లో ఇప్పటికీ ఈ మాట కనిపిస్తుంది. బేరుబారి గ్రామాల సంగతి మీద రాష్ట్రపతి సలహా అడిగితే 1960లో కోర్టు ఇచ్చిన అభిప్రాయాన్ని 'ఇన్ రే బేరుబారి' అనే అంటారు. అక్కడ వాది లేడు, ప్రతివాది లేడు, అందుకని ఫలానా వారికీ ఫలానా వారికీ మధ్య అని రాయడానికి లేదు. ఉన్నది విషయం ఒక్కటే. రిపబ్లిక్ అనే మాట కూడా ఈ రేస్ నుంచి పుట్టిందే. రేస్ పబ్లికా, అంటే జనం వ్యవహారం.

ఇంకో సరదా సంగతి. సంస్కృతం చదువుకున్నవాళ్లు శబ్దమంజరిలో రై శబ్దం వల్లె వేసి ఉంటారు. రాః, రాయౌ, రాయః. ధనం అని అర్థం. ఆ రై, ఈ లాటిన్ రేస్ ఒక ఇంటి పిల్లలేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. అక్కడ ఆస్తి కాస్తా విషయమైంది, ఇక్కడ ఆస్తిగానే మిగిలింది. ఇంతకీ మామయ్య కోపంలో పలికిన 'రే' లాటిన్ ఉచ్చారణకు నా 'రీ' కన్నా దగ్గర. ఈ మాట ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు నవ్వి, "అయితే ఇక నుంచి రే అనే పిలువు" అన్నాడు.

మరి ఇది మెయిల్లోకి ఎలా వచ్చింది? వచ్చింది ఆఫీసు ఉత్తరాల నుంచే. 'విషయం' అని మన దరఖాస్తుల్లో ఒక గీత ఉంటుంది చూడండి, ఇంగ్లీషు ఉత్తరాల్లో ఆ చోట రే అని రాసేవారు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మొదటి మెయిల్ పంపింది 1971లో, రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. పేరులో కూడా రే ఉంది, అది వేరే సంగతి. ఆ తర్వాత రెండేళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు మెయిల్ తలకట్టు రాసుకున్నారు. 1973 సెప్టెంబరులో నలుగురు కూర్చుని, ఎవరి నుంచి, ఏ తేదీ, ఏ విషయం అన్నవి ఒక పద్ధతిగా ఉండాలని ఒక కాగితం రాశారు. ఆ నలుగురిలో ఒకరు టామ్లిన్సన్, ఇంకొకరు అభయ్ భూషణ్. ఈ భూషణ్ మన దేశం వాడు, కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్ విద్యార్థి. ఫైళ్లు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పంపే ఎఫ్‌టీపీ పద్ధతి మొదట రాసిందీ ఆయనే. మనం రోజూ నింపే 'సబ్జెక్ట్' అనే గడి కింద ఒక భారతీయుడి సంతకం ఉందన్నమాట.

మెయిల్ రాసే పద్ధతి మీద 2008లో వచ్చిన ప్రమాణపత్రం అయితే ఈ రే గురించి కూడా వివరంగా చెబుతుంది. జవాబుకు ముందు రే అని పెట్టుకోవచ్చు, పెడితే ఒక్కటే పెట్టండి, వేరే మాటలు పెట్టినా, ఒకటికి మించి పెట్టినా చిక్కులొస్తాయి అని. ఆ చిక్కులు నేను కళ్లారా చూశాను. మాకు ఒక జర్మనీ క్లయింటు ఉండేవాడు. వాళ్ల మెయిల్ సాఫ్ట్‌వేర్ జర్మన్ భాషలో ఉండేది. అది జవాబుకు ముందు ఏ, డబ్ల్యూ అని పెట్టేది. మొదటిసారి చూసి, అది తెలుగు 'ఔ' లాగా, ఔను అన్నట్టు ఉందే అనుకున్నాను. అది 'ఆంట్‌వోర్ట్', అంటే జవాబు. వాళ్ల ఏడబ్ల్యూను మా సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు, దాని ముందు ఒక రే తగిలిస్తుంది. మా రే వాళ్ల దానికి లెక్కకు రాదు, ఒక ఏడబ్ల్యూ తగిలిస్తుంది. పది రోజుల్లో ఆ విషయం గీత నిండా ఏడబ్ల్యూ, రే, ఏడబ్ల్యూ, రే అని బారులు తీరి, అసలు సంగతి కుడి పక్కకు జారి తెర బయట పడిపోయింది. చివరికి అది ఇన్‌వాయిస్ గురించా, సెలవుల గురించా అన్నది మెయిల్ తెరిస్తే తప్ప తెలిసేది కాదు. స్వీడన్ వాళ్లకు ఎస్‌వీ అని ఉంటుంది, అదీ జవాబే. జర్మన్ మెయిల్లో డబ్ల్యూజీ అని కనిపిస్తే మరొకరి నుంచి దాటించినది అని అర్థం.

ఆ దాటించడాన్నే మనం ఎఫ్, డబ్ల్యూ, డీ అంటాం. ఫార్వర్డ్. వాట్సాప్ రాకముందు అది ఒక జబ్బులా ఉండేది. ఎఫ్‌డబ్ల్యూడీ, ఎఫ్‌డబ్ల్యూడీ, ఎఫ్‌డబ్ల్యూడీ అని ఐదారు వరసలు ఉంటే తెరవకుండానే తెలిసిపోయేది, లోపల ఏ దేవుడి పటమో, ఏ భార్యాభర్తల జోకో ఉంటుందని. మా అమ్మ కాలంలో ఈ పని పోస్టుకార్డు చేసేది. ఈ కార్డు అందినవారు ఇన్ని కార్డులు రాసి పంపాలి, పంపినవారికి లాటరీ తగిలింది, చించినవారికి కష్టం వచ్చింది అని. అమ్మ నమ్మేది కాదు, కానీ చించేదీ కాదు. పప్పుల డబ్బా కింద పెట్టేసేది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. మీరు ఎవరికీ ఏమీ రాయకపోయినా, మీ బ్యాంకు ఖాతా గురించో కేవైసీ గురించో రే అని మొదలయ్యే మెయిల్ వస్తే, అది మీకు జవాబు ఎలా అవుతుంది? ఆ రెండక్షరాలు యంత్రమే పెట్టాలన్న నియమం లేదు, ఎవరైనా చేత్తో టైపు చేయొచ్చు. ఇదివరకే మీతో మాట కలిసింది అన్న భ్రమ పుట్టించడానికి మోసగాళ్లు అవి తగిలిస్తారు. అమెరికాలో ఇలా మభ్యపెట్టే విషయం గీతలను వ్యాపార మెయిళ్లలో నిషేధిస్తూ 2003లోనే చట్టం చేశారు. మోసగాడు చట్టం చదివి మెయిల్ పంపడు కాబట్టి మన కళ్లే మనకు దిక్కు.

పొడి అక్షరాలు మన తెలుగువాళ్లకు కొత్తవి కావు. పెళ్లి శుభలేఖ తీయండి. వరుడికి 'చి.', వధువుకు 'చి.ల.సౌ.'. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఆ మధ్య మా ఆఫీసు కుర్రాడు ఒకడు వాళ్ల అక్క శుభలేఖ స్కాన్ చేసి మెయిల్ చేస్తూ "చి.ల.సౌ. అంటే ఇంటిపేరా మేడమ్?" అని అడిగాడు. పాత ఉత్తరాల మీద పెద్దవాళ్లకు మ.రా.రా.శ్రీ అని ఉండేది. మహారాజరాజశ్రీ. నాలుగెకరాల రైతుకైనా ఆ కవరు మీద రాజభోగమే.

కానీ అన్నీ భోగాలు కావు. మా తాతయ్య పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. అంతకుముందు అమ్మమ్మకు వచ్చే ఉత్తరాల మీద మహాలక్ష్మీ సమానురాలైన ఫలానా గారికి అని ఉండేది. తాతయ్య పోయాక వచ్చిన మొదటి ఉత్తరం మీద 'గం.భా.స.' అని ఉంది. అదే బంధువు, అదే చేతిరాత, అదే సిరా. గంగాభాగీరథీ సమానురాలు అని దాని అర్థం. గంగతో పోల్చడమే అయినా, అది భర్త లేని ఆడవాళ్లకు మాత్రమే రాసే పోలిక. ఆ మూడు ముక్కలు చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏం జరిగిందో పోస్ట్‌మ్యాన్‌కు కూడా తెలిసిపోయేది. అమ్మమ్మ ఆ కవరు విప్పకుండా కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఎవరూ అలా రాయడం లేదు. పోయిన పొడి అక్షరాల్లో నేను ఒక్కసారి కూడా వెతుక్కోనిది అదే.

మెయిల్ పొడి అక్షరాలు మనిషి ఎవరో చెప్పవు, పని ఏమిటో చెబుతాయి. మామయ్యకు ఇవి చిటికెలో అర్థమయ్యాయి. ఎఫ్‌వైఐ అంటే ఫర్ యువర్ ఇన్ఫర్మేషన్ అన్నాను. "సమాచార నిమిత్తం" అన్నాడు. ఎఫ్‌వైఏ అంటే ఫర్ యువర్ యాక్షన్ అన్నాను. "తగు చర్య నిమిత్తం. ఇవి మేం కాగితం అడుగున రాసేవాళ్లం, మీరు నెత్తి మీద పెట్టారు, అంతే" అన్నాడు. సీసీ అంటే కార్బన్ కాపీ అని ఆయనకు నేను చెప్పాల్సిన పనే లేదు. రెండు తెల్లకాగితాల మధ్య నల్ల కార్బన్ పెట్టి టైపు కొట్టిన వేళ్లవి. డీవో లెటరు, యూవో నోటు, ఆర్.డిస్. ఫైలు అంటూ బతికిన మనిషి. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ దాచి ఉంచాల్సిన ఫైలట. నా మెయిళ్లలో కొన్నిటిని ఆయన ఆ పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టుకున్నాడు.

ఆయన తడబడినదీ, నేనూ తడబడినదీ ఒకచోటే. ఈఓడీ. ఎండ్ ఆఫ్ డే. రోజు ముగిసేలోగా. వినడానికి ఎంత తేట మాట! ఎవరి రోజు? ఉద్యోగంలో మొదటి ఏడాది, న్యూజెర్సీ నుంచి ఒక మెయిల్ వచ్చింది, రిపోర్టు శుక్రవారం ఈఓడీకి కావాలి అని. నేను శుక్రవారం మధ్యాహ్నం భోజనం మానేసి, సాయంత్రం ఆరుకు చెమటలు కక్కుతూ పంపాను. రెండు పట్టికల్లో అంకెలు తారుమారయ్యాయి, తిట్లు తిన్నాను. అప్పుడు పక్క సీటు అన్న చెప్పాడు. అక్కడ సాయంత్రం ఐదు అంటే ఎండాకాలంలో మనకు రాత్రి రెండున్నర, తెల్లవారితే శనివారం. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి మూడున్నర. అంటే నాకింకా కనీసం ఎనిమిదిన్నర గంటలు ఉన్నాయి. పప్పన్నం తిని, ఒక కునుకు తీసి, అంకెలు రెండుసార్లు సరిచూసుకుని పంపేదాన్ని. పోనీ మన టైము రాసేద్దాం అని ఐఎస్‌టీ అని పెడితే అదీ ఒక తంటా. మనకది ఇండియన్ స్టాండర్డ్ టైమ్. ఇజ్రాయెల్ వాళ్లకు ఇజ్రాయెల్‌ది. ఐర్లండ్ వాళ్లకు ఐరిష్‌ది. హైదరాబాద్ టైము సాయంత్రం ఆరు అని నాలుగు ముక్కలు రాస్తే పోయేదేముంది? నేను ఆ రోజు నుంచి అలాగే రాస్తున్నాను, ఎవరూ తప్పు పట్టలేదు.

పీటీఓ అన్నది ఇలాంటి ఇంకో గోతి. పరీక్ష కాగితం అడుగున పీటీఓ అని రాసి, పక్కన బాణం గుర్తు వేసిన తరం మనది. ప్లీజ్ టర్న్ ఓవర్. అమెరికా మేనేజరు నుంచి పీటీఓ, జులై 3 అని మెయిల్ వస్తే, తిప్పి చూడటానికి ఇంకో పేజీ ఏదా అని నేను కిందికీ పైకీ జరుపుకుంటూ పోయాను. వాళ్లకది పెయిడ్ టైమ్ ఆఫ్, జీతంతో సెలవు. ఓఓఓ అని మూడు సున్నాల్లాంటివి కనిపిస్తే అవుట్ ఆఫ్ ఆఫీస్. ఎన్‌ఆర్‌ఎన్ అంటే మన ఐటీ వాళ్లకు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు గుర్తొస్తారు గానీ, విషయం గీతలో దాని అర్థం నో రిప్లై నెసెసరీ, జవాబు అక్కర్లేదు అని. అది పెట్టి పంపినా కనీసం నలుగురు "నోటెడ్" అని జవాబిస్తారు, నమస్కారానికి ప్రతినమస్కారం పెట్టకపోతే బాగుండదు అన్నట్టు.

ఇక పీఎఫ్‌ఏ. ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్. ఇది మన ఆఫీసుల ఇష్టదైవం. నా మట్టుకు దీన్ని విషయం గీతలో పెట్టడం దండగ. ఫైలు జతపడితే పక్కన క్లిప్పు బొమ్మ యంత్రమే వేసి చూపిస్తుంది. పైగా పీఎఫ్‌ఏ అని రాసిన తృప్తిలో చెయ్యి సెండ్ నొక్కేస్తుంది, ఫైలు మాత్రం టేబుల్ మీదే ఉండిపోతుంది. రెండు నిమిషాలకు "క్షమించాలి, ఈసారి నిజంగా పీఎఫ్‌ఏ" అని ఇంకో మెయిల్.

ఇవన్నీ ఇంగ్లీషువేనా, తెలుగులో పెట్టుకోలేమా అని మామయ్య అడిగాడు. జవాబుకు 'జ', దాటించినదానికి 'దా' అని ఆయన కాగితం మీద రాసి చూపించాడు కూడా. పెట్టుకోవచ్చు, కానీ మిగతా యంత్రాలు గుర్తుపట్టవు, జర్మన్ కథే మళ్లీ. తెలుగు అక్షరం విషయం గీతలోకి రావడమే ఒక ప్రయాణం. ఆ గీత రోమన్ అక్షరాల కోసం కట్టిన దారి. తెలుగు గుర్తు ఒక్కోటి, అది అక్షరమైనా, గుడి అయినా, సున్న అయినా, కంప్యూటర్లో సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. ఆ దారిన పోవడానికి ఆ మూడింటినీ నాలుగు రోమన్ గుర్తులుగా వేషం మార్చి పంపే పద్ధతి ఒకటుంది. 'విషయం' అన్న మాటలో వ, గుడి, ష, య, సున్న, ఐదు గుర్తులు. అవి ఇరవై రోమన్ గుర్తులై వెళతాయి, అవతల మళ్లీ తెలుగవుతాయి. ఆ వేషంలో, మొదటి మాటలోని మన గుర్తు ఏదైనా సరే, నాలుగు అంకె, ఎల్, ఆ తర్వాత సీ గానీ జీ గానీ వస్తాయి. వేషం విప్పడం రాని పాత సాఫ్ట్‌వేర్లో తెలుగు మెయిల్ తెరిస్తే నాలుగు ఎల్ సీ, నాలుగు ఎల్ సీ అని బారెడు పిచ్చిరాత కనిపించేది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడెక్కడైనా కనిపిస్తే, ఓహో, మనవాళ్లే అనిపిస్తుంది.

మామయ్యకు అన్నిటికన్నా నచ్చింది ఈఓఎం. ఎండ్ ఆఫ్ మెసేజ్. సందేశం ఇంతే, లోపల ఏమీ లేదు, తెరవక్కర్లేదు అని. "మీటింగు నాలుగింటికి మారింది, ఈఓఎం" అని విషయం గీతలోనే రాసేస్తే చదివేవాడికి ఒక నొక్కు మిగులుతుంది. "ఇది టెలిగ్రామే కదే" అని ఆయన సంబరపడ్డాడు. మాటకు ఇంత అని డబ్బు కట్టి, మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ అని పంపిన తరం. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాము ఆపేసినప్పుడు, ఇంటి మనిషి పోయినట్టు మూడు రోజులు దాని గురించే మాట్లాడాడు.

ఆ మరుసటి వేసవిలో ఒక ఉదయం ఆయన దగ్గర్నుంచి మెయిల్. విషయం గీతలో ఇలా ఉంది: "మామిడిపళ్లు బస్సులో వేశాను, ఈఓఎం." నేర్పింది ఇంత బాగా పట్టుకున్నాడే అని మురిసిపోయాను. తెరవక్కర్లేదు కదా, తెరవలేదు. ఇంటికి తెచ్చి ఇస్తారు కాబోలు అనుకుని నా పనిలో పడ్డాను.

మూడో రోజు ఫోన్ చేసి "రసాలు ఎలా ఉన్నాయే?" అన్నాడు. అప్పుడు తెరిచాను. లోపల మొదట శ్రీరామ. కింద చి.ల.సౌ. అని నా పేరు. ఉభయకుశలోపరి. అత్తయ్య మోకాళ్ల నొప్పి, వీధిలో కొత్తగా వేసిన డ్రైనేజీ, పక్కింటివాళ్ల అబ్బాయి పెళ్లి. అన్నిటికీ అడుగున బస్సు నంబరు, పార్సిల్ రసీదు నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు, తెల్లారి ఆరింటికల్లా వెళ్లి తీసుకో, పళ్లు మాగి ఉన్నాయి అని.

"ఈఓఎం అని పెట్టి లోపల ఇంత రాస్తే ఎలా మామయ్యా?" అన్నాను.

"మరి ఉత్తరం అన్నాక లోపల ఏమీ రాయకుండా ఎలా పంపుతానే?" అన్నాడు.

పార్సిల్ గది ఎక్కడని ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. బస్టాండు గేటు దాటగానే వాసన తగిలింది.